రాణిగారి వాయిద్యం కోసం వాల్తేరు

మేడ మీద గదికి గడియ వేసుకుని, తాతగారి ఫిడేలు తీగల కింద చేతిరుమాలు దూర్చి, చప్పుడు బయటికి పోకుండా వాయించుకుంటానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రేడియో పాఠాలు విని నేర్చుకున్నదే. ఎవరైనా వింటే మళ్ళీ కమాను పట్టలేనేమోనని భయం.

మా అనకాపల్లి లైబ్రరీ పుస్తకంలో నాలుగు వందల ఏళ్ళనాటి ఇంగ్లండు రాణి గురించి చదివాను. పెట్టెలాంటి మీటల వాయిద్యం ఒంటరిగా వాయించుకునేదట. ఒకనాడు పరాయి దేశపు రాయబారి తెర చాటున నిలబడి విన్నాడు. రాణి వెనక్కి తిరిగి అతన్ని చూసింది. ఆ తరువాతి పేజీ లేదు, ఎవరో చింపేశారు. వాల్తేరులో ఒక రిటైర్డు లెక్చరరుగారు ప్రతి ఆదివారం ఆ రాచకొలువు సంగీతం మీద రికార్డులు వేసి ప్రసంగిస్తారని లైబ్రరీ గోడ మీదే నోటీసు చూశాను. మా ఇంట్లోనే ఉండే మేనత్త తోడుంటే వెళ్ళమన్నారు నాన్న.

ఆదివారం ఉదయం ఏడున్నరకి పాసింజరెక్కాం. ఎదురు బల్ల మీద బెండకాయల బుట్టతో కూర్చున్నామె అడిగింది: "ఏటమ్మా, పెళ్ళి సూపులకా?"

"కాదమ్మా, సచ్చిపోయిన రాణీ వాయించింది ఇనడానికి!" అంది అత్త. రైలుపెట్టంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగాను.

తొమ్మిదింటికి దిగి, స్టేషను ఎదురు హోటల్లో ఇడ్లీ తిని, రిక్షాలో వెళ్ళాం. ప్రసంగం పదింటికి. సగం కుర్చీలు ఖాళీ. వెళ్ళదలచినవారు ముందు వరుసలో కూర్చోవాలి, ఆ వాయిద్యం గొంతు బాగా చిన్నది. ఇత్తడి గిన్నె మీద చినుకులు పడ్డట్టుంది. రాణి భోజనవేళ మాత్రం బూరలు, నగారాలు మోగేవట.

"అంత గోలలో ముద్దెలా దిగేదే?" అని అత్త నా చెవిలో అంది.

చివర ప్రశ్నలడగమన్నారు. రెండుసార్లు చెయ్యి ఎత్తబోయి దించేశాను. మూడోసారి అత్త నా మోచెయ్యి పట్టుకుని పైకెత్తేసింది. లేవక తప్పలేదు.

"పట్టుబడ్డ రాయబారిని రాణి ఏం చేసిందండీ?"

"కొట్టబోయినట్టు చెయ్యెత్తిందమ్మా," అన్నారు లెక్చరరుగారు. "మగవాళ్ళ ముందు వాయించనని, దిగులు పోవడానికి ఒంటరిగా వాయించుకుంటానని అంది. కాని అతన్ని అక్కడికి తీసుకొచ్చింది ఆవిడ కొలువులోని మనిషే. ఎవరైనా వినాలని ఆవిడకీ ఉందేమో!"

నాలుగింటి పాసింజరుకి తిరుగు ప్రయాణం. దారి పొడుగునా చెరకు తోటలు. రికార్డుల కన్నా ఆ చివరి మాటే మనసులో తిరిగింది. ఐదున్నరకి అనకాపల్లిలో దిగి, ఇల్లు చేరాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అత్త అంది:

"ఆర్నెల్లనించీ మేడమెట్ల మీద కూకుని ఇంటన్నానే. రేపు ఆ రుమాలు తీసేసి వాయించు, సరిగ్గా ఇనపడి సావట్నేదు."