ఉస్లాపూర్ దాకా

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో డ్రైవర్ రిటైరైతే పెళ్ళి చేసినంత హడావుడి చేస్తారు. ఆఖరి బండి తెచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టేసరికి అక్కడ బాజావాళ్ళు, బంతిపూల దండలు, మిఠాయి డబ్బాలు, చుట్టాలు అంతా సిద్ధం. ముందు ఇంజనుకి దండ, తరవాత మనిషికి. ఇంజనుదే పెద్ద దండ. ఆయన మెట్లు దిగీ దిగకుండానే భుజాల మీదకి ఎత్తుకుంటారు. అరవై ఏళ్ళ మనిషిని, ఇన్నాళ్ళూ కూర్చుని పొట్ట పెంచిన మనిషిని ఎత్తడం మాటలు కాదు. అందుకని ఎత్తేవాళ్ళ మధ్యలో ఎప్పుడూ పట్టాలు మోసే గ్యాంగ్‌మన్ ఒకడు ఉండేలా చూసుకుంటాం.

ఈ సంబరాలకి మైకు నాది. ఎనిమిదిలో బడి మానేశాను. లెక్కల మేష్టారికీ నాకూ ఒకరి మొహం ఒకరికి పడేది కాదు. ఆయనకి ఉద్యోగం ఉంది కదా, సరే అని నేనే బయటికొచ్చేశాను. పగలు ఆటో, ఫంక్షన్లకి మైకూ సౌండు డబ్బాలూ. మధ్యమధ్యలో నాలుగు జోకులు పేలుస్తాను. మా తెలుగు సంఘంలో నన్ను పిలిచేది మైకు కోసమా జోకు కోసమా అని అడిగితే, రెండూ ఒకే ఆటోలో వస్తాయి కదా అంటారు.

కానీ ఈ బాజాలన్నీ మెయిల్, ఎక్స్‌ప్రెస్ డ్రైవర్లకే. గూడ్స్ డ్రైవర్‌కి లేవు. వద్దని ఎవరూ రూలు పెట్టలేదు. గూడ్స్‌కి టైము లేదు, ప్లాట్‌ఫారం లేదు. యార్డులో ఏదో ఒక లైన్లో ఆగుతుంది. మనిషి దిగి, తన సామాన్ల డబ్బా తాను పట్టుకుని, పట్టాలు దాటుకుంటూ క్వార్టర్‌కి వస్తాడు. అలాంటివాడికి ఎప్పుడు, ఎక్కడ నిలబడి దండ వేస్తారు?

మా అక్క మొగుడు జీవితమంతా గూడ్స్ డ్రైవరే. షాడోల్ వైపు వెళ్ళడం, బొగ్గు తేవడం. ఊరికి కరెంటు ఇచ్చేది నేనే అనేవాడు. మీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు కూడా నిన్నే అడగాలా బావా అనేవాణ్ణి నేను.

రిటైరయ్యే నెలలో ఒక సాయంత్రం వాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళాను. బావ అరుగు మీద కూర్చుని బూట్లకి పాలిష్ చేసుకుంటున్నాడు.

"ఏరా బామ్మర్దీ, మెయిలోళ్ళకి తెగ వాయించేస్తన్నావు. గూడ్సుకి బాజా పెడితే బొగ్గుకి వినపడుద్దేటి?" అన్నాడు.

"బొగ్గుకి వినపడకపోతే పోనీ, నీకు వినపడుద్ది కదా."

"నాకెందుకురా ఈ వయసులో."

వంటింట్లోంచి మా అక్క అంది, "అడుగుతున్నాడ్రా తమ్ముడూ. ఆ మనిషి అడగడమంటే ఇలాగే ఉంటది. కాఫీ కావాలన్నా, వీధిలో అందరూ తాగేసినట్టున్నారే అంటాడు."

బావ నవ్వలేదు. బ్రష్షు పక్కన పెట్టాడు. "బాజా ఉన్నా సరే, నేకపోయినా సరే. ఆఖరి బండి మట్టుకు నేనే తెచ్చి బిలాస్‌పూర్‌లో నిలబెట్టాలి. దార్లో దిగిపోకూడదు. అంతే."

ఆ మాట విలువ బయటివాళ్ళకి తెలీదు. గూడ్సు అంటే ఆగడానికే పుట్టిన బండి. మెయిలొస్తే పక్కకి, ఎక్స్‌ప్రెస్సొస్తే పక్కకి. అలా ఆగి ఆగి డ్యూటీ గంటలు నిండిపోతే దారిలోనే వేరే డ్రైవర్ ఎక్కుతాడు, మనవాడు దిగి జీపులో ఇంటికొస్తాడు. దాన్నే రిలీఫ్ అంటారు. మా బావ బయల్దేరదీసిన బండ్లు ఎన్నో చివరికి ఇంకెవరో చేర్చారు. ఈ ఒక్కటీ తనే ఎక్కి తనే దిగాలని ఆయన కోరిక. షావుకారు బిడ్డ కోరికేం కాదు. బండి నడిపేవాడు బండి నడుపుతానన్నాడు, అంతే.

నేను ఈ సంగతి మా తెలుగు సంఘం అధ్యక్షుడి దగ్గర ఎత్తాను. ఆయన ఆఫీసులో పెద్ద పోస్టులో చేసి రిటైరైన మనిషి. ఏడాదికోసారి బండ్లు నడిపేవాళ్ళందరికీ సన్మానం పెట్టాలన్నది ఆయన ఆలోచనే. రైలు, లారీ, బస్సు, ఆటో, ఎవరైనా సరే ఒక శాలువా, ఒక కొబ్బరికాయ. మంచి ఆలోచనే, కాదనను. బావ మాట చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"అచ్ఛా. గూడ్స్ డ్రైవర్‌కి మన సంఘం చేస్తే బిలాస్‌పూర్‌లో ఇదే మొదలవుతుంది. ఆ రోజే ఫంక్షన్ పెట్టేద్దాం. పెద్దవాళ్ళని పిలుద్దాం. నువ్వు మైకు చూసుకో, మిగతాది నేను చూస్తాను."

మిగతాది ఆయన చూశాడు.

లైను పక్కనున్న గ్రౌండులో టెంటు వేశారు. ముందు బాజాతో యార్డుకి వెళ్ళి, బావ బండి దిగగానే ఊరేగింపుగా గ్రౌండుకి తీసుకురావాలని ప్లాను. పలాస నుంచి మా అక్క తోడికోడళ్ళు దిగారు. అక్క కొత్త చీర కట్టుకుని హారతి పళ్ళెం సిద్ధం చేసుకుంది. బేనరు మీద బండి నడిపే చేతులకు వందనం అని తెలుగులో రాయించారు. కాలనీ పిల్లలు దాన్ని చదవలేక, పక్కన హిందీలో ఏం రాసుందో చూసుకుని సరిపెట్టుకున్నారు. ఆటోవాళ్ళ కోసం ఒక కుర్చీ వేశారు. అది నాదే. మైకు పట్టుకు నిలబడాల్సినవాణ్ణి కనక అది ఖాళీగానే నన్ను సన్మానించింది.

బండి ఉస్లాపూర్‌కి ముందు స్టేషన్ ఘుట్కూలో ఆగిపోయిందని కబురొచ్చింది. గూడ్సు కదా, ఎవరూ ఆశ్చర్యపోలేదు. కాసేపు ఆగితే వస్తుంది అన్నాను. ఇంతలో ముఖ్య అతిథి వచ్చేశాడు. మా వైపు లీడర్ టైముకి రావడం అదే మొదటిసారి, అదీ సరిగ్గా ఆ రోజే. వస్తూనే గడియారం చూసుకున్నాడు. మస్తూరీలో ఇంకో మీటింగ్ ఉందట, త్వరగా వెళ్ళాలట.

అధ్యక్షుడు ఫోను తీసుకుని టెంటు వెనక్కి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు పెళ్ళి కుదిర్చినవాడిలా నవ్వుతున్నాడు.

"ఏటయిందండీ?" అన్నాను.

"నువ్వు జోకులు చెప్పు. వచ్చేస్తున్నాడు."

నేను జోకులు చెప్పాను. జనం నవ్వారు. యార్డుకి వెళ్ళాల్సిన బాజావాళ్ళని అక్కడే ఉండమన్నారు. ఎందుకా అనుకున్నాను. అంతలో గ్రౌండు గేట్లోంచి ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. అందులోంచి బావ దిగాడు. యూనిఫారం, పాలిష్ చేసిన బూట్లు, చేతిలో డబ్బా. బాజా మొదలైంది. కారుకి వాయించారు.

జనంలోంచి దూసుకెళ్ళి అడిగాను. "బావా, బండేది?"

"ఉస్లాపూర్‌లో దింపీసినారు."

"టైము నిండిపోయిందా?"

"నేదు. బోలెడుంది. ఘుట్కూ నుంచి వదిలీసినారు, లైను ఖాళీ, ఇంక ఆగేదే నేదు. ఉస్లాపూర్‌లో ఇంకొకడొచ్చి దిగమన్నాడు. కంట్రోల్ ఆర్డరట."

కంట్రోల్ అంటే ఏ బండి ఎక్కడ ఆగాలో, ఏది ఎప్పుడు కదలాలో చెప్పే ఆఫీసు. దాని మాటకి డ్రైవర్ ఎందుకని అడగడు. మా బావ అస్సలు అడగడు. ఉస్లాపూర్ నుంచి బిలాస్‌పూర్‌కి నా ఆటో ఎక్కినవాళ్ళు ఒక పాన్ నమిలేలోపు వచ్చేస్తారు. ఆ ముక్కే మిగిలింది ఆయన ఉద్యోగానికి.

అక్క హారతి పళ్ళెం పట్టుకుని వచ్చింది. బావ మొహం చూసి, గబగబా పళ్ళెం తిప్పేసి పక్కకి తప్పుకుంది.

బావ మెడలో దండ వేసి స్టేజి మీద కూర్చోబెట్టారు. అధ్యక్షుడు నా చేతిలో మైకు తీసుకున్నాడు. బావ సేవల గురించి కొంత చెప్పాడు, తన సేవల గురించి ఇంకొంత. తరవాత ఇలా అన్నాడు.

"గూడ్స్ బండిని నమ్ముకుంటే మన ముఖ్య అతిథిగారు వెళ్ళిపోయేవారు. నేను ఒక్క ఫోన్ కొట్టాను. పాత పరిచయాలు కదా, నా మాట కాదనలేదు. ఉస్లాపూర్‌లోనే రిలీఫ్ ఇప్పించి, నా సొంత కారులో తెప్పించాను. మనవాడి కోసం ఆ మాత్రం చెయ్యలేమా?"

చప్పట్లు మోగాయి. నా డబ్బాల్లోంచే ఆ మాట కాలనీ అంతా వినిపించింది. బావ అప్పటిదాకా కంట్రోల్ ఆర్డరనే అనుకుంటున్నాడు. ఆయన అధ్యక్షుడి వైపు చూడలేదు. తన బూట్ల వైపు చూసుకున్నాడు.

మైకు మళ్ళీ నా చేతికొచ్చింది. "మనవాడు ఇప్పుడు బావగారి మీద ఒక మంచి జోకు చెప్తాడు" అన్నాడు అధ్యక్షుడు. అందరూ నా వైపు తిరిగారు.

"మన అధ్యక్షులవారిని పెళ్ళిళ్ళకి తప్పకుండా పిలవండి," అన్నాను. "పెళ్ళికొడుకు దారిలో ఉన్నాడనుకోండి, ముహూర్తం దాటిపోతుందని భయం లేదు. ఒక్క ఫోన్ కొడతారు. ఇంకెవరి చేతో తాళి కట్టించేసి, పెళ్ళికొడుకుని ఫొటోకి తీసుకొస్తారు. సొంత కారులో."

గ్రౌండు గ్రౌండంతా విరగబడి నవ్వింది. అందరికంటే గట్టిగా అధ్యక్షుడే నవ్వాడు, నా వీపు మీద కొట్టాడు కూడా. నవ్వనిది ఇద్దరే. మా అక్క ఒకర్తె. బావ ఒకడు.

ముఖ్య అతిథి శాలువా విప్పి లేచాడు. అప్పుడే లైను వైపు నుంచి హారన్ వినిపించింది. బావ తల తిప్పాడు. అది ఆయన బండే. బొగ్గు వేగన్లు ఒకదాని వెనక ఒకటి, గ్రౌండు గోడ అవతల, నెమ్మదిగా వస్తున్నాయి. ఆ చప్పుడుకి ఎవరి మాటా వినపడలేదు.

అధ్యక్షుడు నా చెవి దగ్గరికొచ్చి, "ఈ బండి ఇప్పుడే రావాలా?" అని విసుక్కున్నాడు.

బావ లేచి, జనానికీ శాలువాకీ వీపు పెట్టి, లైను వైపు నిలబడ్డాడు. రైల్వేలో ఎదురుగా బండి పోతుంటే డ్యూటీలో ఉన్నవాడు కూర్చోకూడదు. నిలబడి చూడాలి. ఎక్కడైనా ఏదైనా వేలాడుతోందా, పొగొస్తోందా, అంతా బాగుంటే చెయ్యెత్తి చూపించాలి. ఇంజన్లో ఎవరో కుర్రాడు. బావ చెయ్యెత్తాడు. కుర్రాడూ ఎత్తాడు, ఎవరికో తెలీకుండానే. శాలువా పట్టుకున్న లీడర్, ఎవరికి కప్పాలో తెలీక, కుర్చీ వీపుకి కప్పి చేతులు జోడించి మస్తూరీ వెళ్ళిపోయాడు.

బావ చివరి పెట్టె దాకా చూశాడు. వెనకున్న గార్డు మాత్రం ఆయనతో బయల్దేరిన గార్డే. గార్డుకి సన్మానం లేదు కదా, ఆయన్ని దింపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. స్టేజి మీద దండలేసుకున్న బావని చూసి గార్డు పచ్చజెండా చాచి పట్టుకున్నాడు, గోడ అడ్డొచ్చేదాకా.

భోజనాలకి లేచారు. బావ నా దగ్గరికొచ్చాడు. "ఆటో తియ్యరా. లాబీకి ఎల్లాలి."

"ఇంకెందుకు బావా?"

"సైన్ ఆఫ్ అవ్వలేదు. ఈళ్ళు రిటైర్ చేసీసినా, నా డ్యూటీ ఇంకా నడుస్తోంది."

డ్రైవర్లు డ్యూటీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సంతకం పెట్టేది లాబీలో. ఆటోలో అక్కడికి తీసుకెళ్ళాను. లాబీ గుమ్మం ముందు బావ మెడలో దండ తీసి నా సీటు మీద పెట్టాడు. నేనూ లోపలికి వెళ్ళాను. ముందు ఊపిరి మిషన్లో ఊదించారు, తాగున్నాడేమోనని. కిటికీ వెనకున్న మనిషి మంచివాడే, బావని ఎరిగినవాడే.

"ఆఖరి ట్రిప్పు కదా గురూజీ, అభినందనలు," అన్నాడు హిందీలో. "బండి ఎక్కడి దాకా తెచ్చారు? బిలాస్‌పూర్?"

"ఉస్లాపూర్ దాకా," అన్నాడు బావ.

ఆ మనిషి రాసుకున్నాడు.

తరవాత కొన్నాళ్ళకి నాకో తెలివైన ఆలోచన వచ్చింది. ఎనిమిది చదివినవాడి ఆలోచనలు అలాగే ఉంటాయి. "బావా, ఒకరోజు ఉస్లాపూర్ వెళ్ళి ప్యాసింజరెక్కి వచ్చేద్దాం. ఆ ముక్క పూర్తయిపోతుంది."

"టికెట్ కొనుక్కుని కూర్చుంటే నువ్వూ వస్తావు, మీ అధ్యక్షుడూ వస్తాడు," అన్నాడు బావ. "రావడం వేరు, తేవడం వేరు."

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నేను. సంఘం హాల్లో ఆ ఫంక్షన్ ఫొటో పెట్టారు. బావ దాన్ని చూడ్డానికి వెళ్ళలేదు. డ్రైవర్ల సన్మానాలకి రావడం మానేశాడు. పిలిస్తే మోకాళ్ళు అంటాడు. బజారుకి నడిచే మోకాళ్ళు సంఘం హాలు దాకా రావు.

ఈ ఏడు ఇంకో గూడ్స్ డ్రైవర్ రిటైరవుతున్నాడు, మనవాడే. అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "పోయినసారి బాగా పండింది కదా. ఇప్పుడూ అలాగే చేద్దాం. ఈసారి మనకి టెన్షన్ లేదు, ముందుగానే కంట్రోల్‌లో చెప్పి పెట్టేశాను. మైకు నీదే."

నేను ఆ డ్రైవర్ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాను. మీ సన్మానం కోసం మిమ్మల్ని మీ బండిలోంచి దింపేస్తారు బాబూ, ఇప్పుడే వెళ్ళి వద్దని చెప్పుకోండి, అన్నాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. తరవాత లోపలికి తిరిగి భార్యని పిలిచాడు.

"ఇలా రాయే, మైకాయన ఏటి చెప్తన్నాడో విను. భలే నవ్విస్తాడు."

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది, నవ్వడానికి సిద్ధంగా. నేను మళ్ళీ మొదట్నించీ చెప్పాను. ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. టీ తాగి వెళ్ళమన్నారు. ఆటో స్టాండులో ఉందని చెప్పి వచ్చేశాను. సంఘానికి ఈసారి మైకు పంపలేదు. తిఫ్రా నుంచి వేరే మైకువాణ్ణి మాట్లాడుకున్నారు. నా దానికంటే గట్టిగా వినపడుతుందట.