అమ్మవారు అడిగిన పానకం

మా నాన్నకు మధుమేహం. గవర్నర్‌పేటలో బట్టల కొట్టు. పొద్దున్నే అమ్మ గాజు సిరంజిని నీళ్ళలో మరిగించి, మంచినీళ్ళ కుండ కింద తడి ఇసుకలో దాచిన ఇన్సులిన్ సీసా తీసి, ఆయనకు సూది వేసేది. ఆ తర్వాతే ఫలహారం.

"ఒక్కపూట మానితే కొంప మునుగుతుందటే?" అని నాన్న విసుక్కునేవారు.

"మునుగుతుందనే డాక్టరుగారు చెప్పారు. కదలకండి" అనేది అమ్మ.

అవి యుద్ధం రోజులు. ఆ సీసా దొరకడమే గగనంగా ఉండేది.

ఆ ఎండాకాలం బెజవాడంతా మశూచి. మా వీధిలో సగం గుమ్మాలకు వేపమండలు వేలాడుతున్నాయి. నాన్నకూ ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి, ముఖం మీద పొక్కులు లేచాయి. పామర్రు నుంచి వచ్చి మాతో ఉంటున్న నాయనమ్మ ఆ ముఖం చూస్తూనే చేతులు జోడించింది.

"వచ్చావా తల్లీ!" అంది, కన్నకొడుకుతో.

ఇక ఇల్లంతా ఆవిడ చేతుల్లోకి పోయింది. వంటింట్లో పోపు వెయ్యకూడదు. బయటివాళ్ళు గడప తొక్కకూడదు. డాక్టరూ బయటివాడేనట! అమ్మ సిరంజి గిన్నె పొయ్యి మీద పెడితే నాయనమ్మ వచ్చి దించేసింది.

"అమ్మవారు ఒంటిమీద ఉండగా సూది గుచ్చుతావుటే? నా కొడుకు నాకు దక్కాలా వద్దా?"

"సూది లేకపోతే ఆయన బతకరు, అత్తయ్యగారూ."

అమ్మ కాళ్ళు పట్టుకుని ఏడ్చినా ఆవిడ కరగలేదు. సిరంజిని తన పెట్టెలో పడేసి తాళం వేసుకుంది.

ఇంట్లో అమ్మవారు పోసినప్పుడు, రోగి నోట వచ్చే మాట ఆవిడ మాటేనని మావాళ్ళ నమ్మకం. ఏది అడిగినా కాదనకూడదు. నాన్నకు దాహం పట్టుకుంది. ఎంత తాగినా తీరని దాహం. "పానకం" అన్నారు. అంతే, అమ్మవారు అడిగింది! నాయనమ్మ బెల్లం కొట్టి చెంబులకు చెంబులు కలిపి తాగించింది. ఇన్నాళ్ళూ అమ్మ తీపి ముట్టనివ్వని మనిషికి!

పొక్కులు మాడడం మొదలైంది గానీ నాన్న మాత్రం నీరసించిపోతూనే ఉన్నారు. ఆయన ఊపిరిలో మగ్గిపోయిన పళ్ళ వాసన. అది అమ్మవారి వాసనేనని నాయనమ్మ లెంపలు వేసుకుంది.

ఆ సాయంత్రం నాన్న రొప్పుతూ అమ్మ చెయ్యి పట్టుకున్నారు.

"సూది... సూది వెయ్యవే."

అమ్మ దిగ్గున లేచింది. "విన్నారా అత్తయ్యగారూ? అమ్మవారే అడుగుతోంది. తాళంచెవి ఇవ్వండి!"

"అది అమ్మవారి మాట కాదు. జ్వరంలో సంధి" అంది నాయనమ్మ.

తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది. పానకం అడిగితే దేవత, సూది అడిగితే సంధా? ఎవరు చెప్పారండీ ఆవిడకి?

అమ్మ ఇక గడపా గిడపా చూడలేదు. చెప్పులైనా లేకుండా పరుగెత్తి డాక్టరుగారిని తీసుకొచ్చింది. అప్పటికి నాన్న పిలిస్తే పలకడం లేదు. డాక్టరుగారు తన సంచిలోని సూది తీసి వేసి, నాడి పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఆ చెయ్యి మెల్లగా మంచం మీద పెట్టేశారు.

"మశూచి తగ్గుముఖం పట్టిందమ్మా. ప్రాణం తీసింది మధుమేహం" అన్నారు.

నాయనమ్మ నాన్న ముఖం మీద ఎండిన పొక్కులు తడిమి చూసింది. డాక్టరుగారి వైపు తిరిగింది.

"అమ్మవారు చల్లగా దిగిపోయింది కదండీ. మరి వీడు లేవడేమండీ?"