దుప్పటికి రెండు కొసలు

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి నా పొట్టకు మలం పడే సంచి పెట్టారు. కొన్ని నెలలకు పేగు మళ్ళీ కలిపి సంచి తీసేస్తే ఇంట్లో మిఠాయిలు పంచారు. కలిపిన పేగు మనం ఆపితే ఆగదని మాత్రం నాకు బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చే బస్సులో తెలిసింది.

ఆపమని అరిచాను. డ్రైవర్ వినలేదు. తలుపును పిడికిళ్ళతో బాదాను. ముందు సీట్లోని తెల్లచొక్కా మనిషి లేచి, నా కాలర్ పట్టుకుని చెంప పగలగొట్టాడు.

"పొద్దుగాలనే తాగిండు సాలే! నూకుండ్రి కిందికి!"

వెనక నుంచి ఒకామె వచ్చింది. చెరుకు కోతకు పోతున్నట్టుంది, చేతిలో కత్తి ఉంది. దాన్ని తిరగేసి కడ్డీ మీద కొడితే బస్సంతా మోగింది.

"ఆపుతవా, అద్దం పలగ్గొట్టాల్నా?"

బస్సు ఆగింది. నన్ను దించి, తెల్లచొక్కాను మెడ పట్టుకుని ఈడ్చుకొచ్చింది. చెరుకు తోటల్లో బయటికి కూర్చోవాల్సి వస్తే ఆడవాళ్ళు ఒకరికొకరు దుప్పటి అడ్డం పట్టుకుంటారు. దానికి ఇద్దరు కావాలి. మూటలోంచి దుప్పటి తీసి ఒక కొస అతని చేతిలో కుక్కింది.

"పట్టు. ఎనకకు సూసినవో, మెడకాయ ఉండది."

కత్తి చంకలో పెట్టుకుని రెండో కొస తను పట్టుకుంది.

"అక్కా, నేను తాగలేదు. పేగు ఆపరేషన్..." అన్నాను దుప్పటి చాటు నుంచి.

"నేనేమన్న అడిగిన్నా? నిమ్మలంగ కానియ్ అన్నా."

ఇద్దరూ నాకు వీపులు పెట్టి నిలబడ్డారు. బస్సులో ఎవరూ నవ్వలేదు. నేను కూర్చున్నంతసేపూ ఆ దుప్పటి ఒక్క కొసే వణికింది.