బూజు ఎరుపు

"రంగు గుట్టు దాచుకున్నావు మాణిక్యమ్మా. ఇంక నీ గడప తొక్కను."

"దాచుకోడానికి నా దగ్గరేముందండీ? అది బూజు రంగని మొదటి రోజే చెప్పానుగా!"

సెట్టిగారికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. అది 1979. పెద్దాపురంలో పట్టు నూలుకు రంగులద్దడం నా పని. మా ఆయన పోయాక నాకు మిగిలినవి ఆ కాగు, ఆ పొయ్యి. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుబ్బలక్ష్మి రాస్తోంది.

ఆ ఆషాఢమంతా విడవని ముసురు. బట్టల వ్యాపారం చేసే సెట్టిగారు కూతురి పెళ్లిచీరకు పట్టు చిలపలు తెచ్చి, ఎరుపు అద్దమన్నారు. చిలప అంటే నూలు చుట్ట. నాకిచ్చింది పేక, అంటే చీరలో అడ్డంగా నేసే నూలు. తుని నుంచి రావలసిన రంగుపొడి వానల్లో ఎక్కడో ఆగిపోయింది.

గంజి కోసం వండిన అన్నం ఒక కుండలో ఉండిపోయింది. మూత తీస్తే దానిమ్మ గింజల్లా ఎర్రటి బూజు. పారబొయ్యబోతే కాస్త నా చీర అంచు మీద పడింది. ఎంత ఉతికినా ఆ మరక పోలేదు. ఉతికినా పోనిది రంగు కాక మరేమిటి? మిగతాది నీళ్లలో నానబెట్టి, వడగట్టి, పటిక వేసి కాచి చిలప ముంచాను. పటిక వేస్తే నూలు రంగును పట్టుకుంటుంది. ఆ బూజును ఫంగస్ అంటారని సుబ్బలక్ష్మి ఇప్పుడు చెబుతోంది. మాకప్పుడు బూజు బూజే.

సెట్టిగారు చూసి మురిసిపోయారు. "ఏం ఎరుపమ్మా! పొడి ఎక్కడిది?"

"పొడి కాదండి. అన్నానికి పట్టిన బూజు. ఇది మొత్తం చీరకు చాలదు, పొడి వచ్చేదాకా ఆగండి."

"పనివాళ్లు అసలు సంగతి ఎప్పుడు చెప్పారు గనక! నువ్వు అద్దుతూ ఉండు, మగ్గం ఆగకూడదు."

రంగు వేసిన పేక సగం చీరకే అయిపోయింది, కుండలో బూజూ అయిపోయింది. పెళ్లి చూస్తే శ్రావణంలోనే. అదే ఎరుపు కావాలని సెట్టిగారు పట్టు పట్టారు. బూజు పట్టాలి కదండీ అంటే, బేరం పెంచుతున్నానని ఆయన అనుమానం.

మర్నాడు ఆయన భార్య స్వయంగా బియ్యం తెచ్చింది. చూద్దును కదా, గింజ గింజకూ పసుపు!

"అమ్మగారూ, పసుపు పడ్డ బియ్యానికి బూజు పట్టదండి."

"పట్టకపోతే మంచిదేగా! శుభమా అని పెళ్లిచీరకు బూజు మాటేంటి?" అని, గొంతు తగ్గించింది. "నీ చెయ్యి తగిలేది కదా, అందుకని పసుపు రాశాను. ఏమీ అనుకోకు."

"ఇంతవరకూ ముంచింది కూడా ఈ చెయ్యేనండి."

నేనేమీ అనుకోలేదు. కోపం మాత్రం వచ్చింది. ఆ బియ్యం పక్కన పెట్టి, నా ఇంట్లో బియ్యమే వండి కుండలో పెట్టాను. ఈలోగా ముసురు తెరిపిచ్చి ఎండలు కాశాయి. సెట్టిగారు రోజూ వచ్చి మూత ఎత్తేవారు.

"ఇంకా ఎర్రబడలేదేంటి?"

"ఆవకాయ జాడీ కాదండి, మాటిమాటికీ తీసి చూడ్డానికి!"

"మరి బూజంటే ఊరికే వచ్చేదేగా?"

"వద్దన్న ఇంటికి ఊరికే వస్తుంది. రమ్మంటే దానికీ బెట్టే!"

వచ్చింది చివరికి. ముందు నల్లగా, ఆ పైన నారింజగా. నూలు ముంచితే బొప్పాయి పండు రంగు తేలింది. నేతగాడు నాలుగు పోగులు నేసి ఆపేశాడు. తుని పొడి కూడా అప్పటికి చేరింది. ఆ పొడి ఎరుపు నా మొదటి బూజు ఎరుపు పక్కన సున్నం గోడకు జాజులా కొట్టొచ్చినట్టుంది. కలర్ మ్యాచింగ్ అంటారే, ఒక రంగు పక్కన అదే రంగు కుదర్చడం, అది బూజుతో కుదిరే పని కాదు.

పిల్ల పెళ్లి కొట్లో కొన్న చీరతో అయిపోయింది. అప్పుడొచ్చి సెట్టిగారు ఆ మాట అనేసి వెళ్లారు. ఎన్ని కుండలు చూపించినా నమ్మరు. నిజం చెప్పడం నా వంతు, నమ్మించడానికి నేనెవరిని? కానీ ఒకటి నేర్చుకున్నాను. మళ్లీ తెచ్చివ్వలేని రంగు ఎంత బాగున్నా ఒకరి పెళ్లిపనిలో పెట్టకూడదు. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా పెట్టలేదు.

సగం నేసిన ముక్కను సెట్టిగారు వద్దన్నారని నేతగాడు నా అరుగు మీద పెట్టి పోయాడు. ఆ రోజుల్లో నేను ఎరుపు కట్టేదెక్కడ? ఆ ఏడే సుబ్బలక్ష్మికి పరికిణీ కుట్టించాను. ఆ పెళ్లికూతురి ఒంటి మీద చూడాల్సిన ఎరుపు మా పిల్ల ఒంటి మీద చూశాను. చూసినప్పుడల్లా సంతోషంగానూ ఉండేది, ఒళ్లూ మండేది.

అదేంటే, రాయడం ఆపి కళ్లు తుడుచుకుంటున్నావు? ఎక్కడిదాకా రాశావు? మొదటినుంచి ఓసారి చదివి వినిపించు.