పని చేసే కన్ను

మా అన్నయ్య వాచీలు బాగుచేసేవాడు. మెట్ల కింద తలుపంత వెడల్పు కొట్టు. కుడికంటికి భూతద్దం బిగించి, ఎడమకన్ను మూసుకుని కూర్చున్నాడంటే పక్కన పిడుగు పడ్డా తలెత్తడు. రెప్ప వేస్తే చిన్న మర ఎక్కడ తప్పిపోతుందోనని భయం. అందుకే వీధిలో ఆయన పేరు రెప్పలేనాయన. ఆ పేరంటే ఆయనకు మహా ఇష్టం.

షుగరొచ్చి చాలా ఏళ్ళయింది. కళ్ళు చూపించుకోమని వదిన ఎంత పోరినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చివరికి కుడికంట్లో ఇసుక పోసినట్టు గరగర, మంట, ఉన్నట్టుండి ధారగా నీళ్ళు. కన్ను ఎండిపోయినా అలా కారుతుందట. చుక్కల మందు తెచ్చుకుని ఆ ఒక్క కంట్లోనే వేసుకునేవాడు.

"ఎడమదానికో?" అన్నాను.

"అది ఒట్టి సోమరిపోతు. పని చేసేదానికే మందు."

అందరం నవ్వాం. కొన్నాళ్ళకు మంట పోయింది. తగ్గిపోయిందని మందు కూడా మానేశాడు.

ఒకరోజు ఎడమపక్క పెట్టిన మంచినీళ్ళ గ్లాసుకు చెయ్యి తగిలి ఒలికింది. వదిన ఇంకోటి తెచ్చి పెట్టింది. అదీ ఒలికింది.

"ఇంత గ్లాసు కనబళ్ళేదా?"

"లేదే!" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

వదిన ముఖం పాలిపోయింది. అప్పటికప్పుడు ఆసుపత్రికి లాక్కెళ్ళాం.

డాక్టరమ్మ దూదిపోగుతో కుడి నల్లగుడ్డును తాకింది. అన్నయ్య చలించలేదు.

"చూశారా? నేను రెప్ప వెయ్యను" అని మురిసిపోయాడు.

"అది గొప్ప కాదండీ. తాకినట్టే మీకు తెలీలేదు. షుగరు కంటిపైన నరాల్ని మొద్దుబార్చేసింది. కన్ను ఎండుతూనే ఉంది, పుండు కూడా పడింది. మీకు మంట తెలియడం ఆగిపోయింది, అంతే."

తర్వాత ఆ కన్ను మూసి, ఎడమకంటితో తన వేళ్ళు చూడమంది.

"లైటు తీసేశారేంటమ్మా?" అన్నాడు అన్నయ్య.

గది నిండా వెలుతురుంది. షుగరు వల్లే ఎడమకంటి వెనకపొరలో రక్తం కమ్మి ఆ చూపు ఎప్పుడో పోయిందట. నొప్పీ లేదు, మంటా లేదు. పనివేళ ఎలాగూ మూసి ఉంచే కన్నే, మిగతా వేళల్లో కుడిదే రెండిటి పనీ చేసింది. ఇక తెలిసేదెలా? ఆయన మీద ఎంత కోపమొచ్చిందో, అంత జాలీ వేసింది.

కుడికంట్లోనూ ఆ జబ్బు మొదలైంది. సూదులు వేశారు, లేజరు పెట్టారు. పుండు మానింది గానీ నల్లగుడ్డు మీద మచ్చ మిగిలింది. ఎదుటి మనిషి ఆనవాలు తెలుస్తుంది. వాచీ మర తెలియదు.

మేం ముగ్గురం కొట్టు ఖాళీ చేస్తుంటే ఒక ముసలామె వచ్చింది.

"మా ఆయన వాచీ అయిందా నాయనా?"

అన్నయ్య దాన్ని తడిమి తీసి, చెవి దగ్గర పెట్టుకుని, వేళ్ళతో వెనక మూత నిమిరి ఆమె చేతిలో పెట్టాడు.

"కాలేదమ్మా."

"పెద్ద రోగమా దానికి?"

"అబ్బే, చిటికెలో పని. కళ్ళున్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి."

వదిన గోడవైపు తిరిగింది. నేను ఆపుకోలేక, ఆ ముసలామె ముందే ఏడ్చేశాను.