మా మామగారూ, డిజిటల్ నెగెటివ్‌లూ

మా మామగారు పోయిన నెలలో తాడేపల్లిగూడెంలో కన్నుమూశారు. వాళ్లమ్మాయి ఇంట్లో ఉదయం టిఫిన్ తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నవారు మళ్లీ లేవలేదు. ఏలూరులో మా స్టూడియోలో నేను పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తుండగా మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, నాన్నగారు పలకట్లేదు" అని మాత్రం అనగలిగింది. కౌంటర్ దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్న మా ఆయన నా ముఖం చూసి మాట ఆపేశారు. మర్నాడు సమాధుల తోటలో, మా అత్తగారి పక్కనే ఆయన్ను పడుకోబెట్టి వచ్చాం.

అప్పటినుంచీ ఆయన గురించి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది. మీతో చెప్పుకుంటున్నాను.

మామగారిది ఆ గూడెంలోనే పాతకాలపు ఫొటో స్టూడియో. స్కూలు గ్రూపులు, చర్చిలో పెళ్లిళ్లు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునేవాళ్ల ఫొటోలు తీసేవారు. ఆయన తీసిన నలుపు తెలుపు ఫొటోలు చాలా ఇళ్లలో ఇప్పటికీ పసుపెక్కకుండా ఉన్నాయి. మందు పూర్తిగా పోయేదాకా నెగెటివ్‌లనూ ప్రింట్లనూ నీళ్లలో కడుగుతూనే ఉండేవారట. మా ఇంట్లో మనుషులకన్నా ఫొటోలకే ఎక్కువ నీళ్లు పడతాయని అత్తగారు నవ్వుతూ చెప్పేవారు. ఆవిడ పోయాక మామగారు స్టూడియో మూసేసి ఏలూరులో మా దగ్గరికి వచ్చేశారు.

అప్పటికి మా ఆయన కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నారు. మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నెగెటివ్ ఏదిరా?" అని అడిగారు. రా ఫైలని ఒకటి ఉంటుందనీ, కెమెరా చూసిందంతా ఏ మార్పూ లేకుండా అందులో ఉంటుందనీ, దాన్ని కెమెరా కంపెనీవాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి రంగులు సరిచేసుకుని ప్రింటుకి పంపుతామనీ మా ఆయన చెప్పారు. మామగారు తృప్తిపడ్డారు. కానీ ఒక్క షరతు పెట్టారు. ఫొటో బాగా రాకపోయినా సరే, రా ఫైలు చెరపకూడదు. మా ఆయన విసుక్కుంటూనే అన్నీ సీడీల్లోకి ఎక్కించి బీరువాలో పెట్టేవారు.

కొన్నేళ్లు గడిచాయి. ఒక చలికాలం కొల్లేటి లంక గ్రామం నుంచి ఒకమ్మాయి తన అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి పెళ్లి ఫొటోలు మేమే తీశాం. అంతకుముందు వానల్లో కొల్లేరు పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చి, ఆల్బమ్ కాగితాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆ తర్వాత కామెర్లొచ్చి భర్త పోయాడు. ఇంట్లో అతని ఫొటో ఒక్కటి కూడా లేదు.

సీడీ దొరికింది. ఫైళ్ల పేర్లన్నీ వరసగా కనిపించాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. ఆ మధ్యే మేము కంప్యూటర్ మార్చాం. కెమెరా పాతబడింది. దాని సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్‌లో ఎక్కట్లేదు. మా ఆయన ఏం చెయ్యాలో తోచక, ఓ వారం ఆగి రమ్మన్నారు. వాళ్లిద్దరూ కదల్లేదు.

"ఫొటో ఉందంటారాండీ, లేదంటారాండీ?" అని ఆ అమ్మాయి మెల్లగా అడిగింది.

లోపల్నుంచి మామగారు వచ్చి వాళ్లని కూర్చోబెట్టి టీ తెప్పించారు. "ఉందమ్మా. తెరవడం మాకు తెలియట్లేదు, అంతే. తెలుసుకుంటాం" అన్నారు.

వాళ్లు వెళ్లాక కొడుకు వైపు తిరిగి, "నెగెటివ్ చేతిలో ఉండీ ప్రింటు వెయ్యలేకపోతే మనకి స్టూడియో ఎందుకురా?" అన్నారు. గొంతు పెంచలేదు.

ఇంటర్నెట్‌లో వెతకడం నా వంతయింది. ఏ కంపెనీ కెమెరా ఫైలు లోపల ఏది ఎక్కడుంటుందో ఆ కంపెనీకే తెలుసు, బయటికి చెప్పరు. అలా కాకుండా, లోపలి అమరికంతా రాసి అందరికీ తెలిసేలా బయటపెట్టిన ‘డిజిటల్ నెగెటివ్’ అనే ఫార్మాట్ ఒకటి ఉందనీ, దానిలోకి మార్చే ప్రోగ్రామ్ ఉచితంగా ఇస్తున్నారనీ తెలిసింది. ఇదంతా మామగారికి వివరించాను. ఆయన "అంటే రేపు కెమెరా కంపెనీ మూతపడినా ఇంకెవరైనా చదవగలరన్నమాట" అన్నారు.

"అవునండి మామయ్యగారూ."

"అయితే మనవన్నీ అందులోకి మార్చేద్దామమ్మా."

మా నెట్ కనెక్షన్‌కి ఆ ప్రోగ్రామ్ దిగడానికి ఒక పూట పట్టింది. లంక పెళ్లి సీడీయే ముందు పెట్టాం. తెరుచుకుంది. కబురు పెడితే అత్తాకోడళ్లు వచ్చారు. పూలదండలతో నిలబడ్డ ఫొటోలన్నీ చూస్తూ వచ్చిన ఆ అమ్మాయి, ఆల్బమ్‌లో ఎప్పుడూ లేని ఒకదాని దగ్గర ఆపమంది. పెళ్లికొడుకు దండ భుజం మీదికి నెట్టుకుని, భోజనాల దగ్గర ఎవరివైపో వంగి ఏదో అడుగుతున్నాడు. చెయ్యి కదిలిపోయిందని మా ఆయన పక్కన పడేసిన ఫొటో అది.

వెనకనుంచి వాళ్ల అత్తగారు అంది: "నన్నేనండి. తిన్నావా అమ్మా అని అడుగుతున్నాడు."

ఆ అమ్మాయి కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇదే ఇవ్వండి" అంది.

ఆ రోజునుంచి మామగారు బీరువాలోని సీడీలన్నీ ముందేసుకున్నారు. మౌస్ పట్టుకోవడం నా దగ్గరే నేర్చుకున్నారు. మొదట్లో బాణం ఎక్కడుందో కనిపించక స్క్రీన్ దగ్గరికి ముఖం పెట్టి వెతుక్కునేవారు. మార్చిన ప్రతి ఫొటోనూ తెరిచి చూసేవారు. సీడీకి ఒకటి చూస్తే చాలండి అన్నాను ఒకసారి. "మనం తెరవనిదే ఎవరికో కావలసొస్తుందమ్మా" అన్నారు.

కొన్ని సీడీలు అప్పటికే పాడైపోయాయి. కామవరపుకోట పెళ్లి ఒకటి మొత్తం పోయింది. మామగారు బస్సెక్కి ఆ ఊరెళ్లి, మీ ఫొటోలు మా దగ్గర లేవండీ, ఆల్బమ్ ఒక్కసారి ఇస్తే స్కాన్ చేసి తెచ్చిస్తాం అని చెప్పి వచ్చారు. మా ఆయనకి తల కొట్టేసినట్టయింది. పోయిన సంగతి ఇంటికెళ్లి ఎవరు చెప్పుకుంటారని అడిగారు. "మన దగ్గరున్నాయనే ధీమాతో వాళ్లు అజాగ్రత్తగా ఉంటారు కదరా" అన్నారు మామగారు. ఆ ఆల్బమ్ మా స్టూడియోకి వచ్చింది, జాగ్రత్తగా తిరిగి వెళ్లింది.

మార్చినవన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచేవారు. ఒకటి ఏలూరులో, ఒకటి గూడెంలో కూతురింట్లో. రెండూ ఒకే కప్పు కింద ఉండకూడదనేవారు. కొత్తవి చేరినప్పుడల్లా డిస్కుని తువ్వాల్లో చుట్టి, క్యారేజీ సంచిలో పెట్టుకుని పాసింజర్ బండెక్కేవారు. సంచిని కింద పెట్టకుండా ఒళ్లోనే ఉంచుకునేవారు. ఓసారి నేనూ వెంట వెళ్లాను. భీమడోలు దగ్గర ఎక్కినాయన ఆ సంచి వంక చూసి, "భోజనం పట్టుకెళుతున్నారాండీ?" అని అడిగాడు. "కాదండి, పెళ్లిళ్లు" అన్నారు మామగారు. నవ్వలేదు కూడా.

చివరిసారి గూడెం వెళ్లిందీ ఆ పనిమీదే. డిస్కు అప్పటికే అక్కడి అలమారలో సర్దేశారని మా ఆడపడుచు తర్వాత చెప్పింది.

ఇన్నేళ్లూ మా ఆయన ఈ పని జోలికి రాలేదు. తెరిచి చూసుకుంటూ కూర్చోవడానికి తీరికెక్కడిదనేవారు. మొన్న శుక్రవారం మధ్యాహ్నం నేను భోజనానికి పిలవడానికి వెళ్తే, వాళ్ల నాన్నగారి కుర్చీలో కూర్చుని గుండుగొలను పెళ్లి ఫైళ్లు మార్చి, ఒక్కొక్కటే తెరుస్తున్నారు. వస్తానన్నారు గానీ లేవలేదు. నేనూ పక్కనే నిలబడ్డాను. మా కంప్యూటర్‌లో ఫొటో ముందు మసగ్గా వచ్చి, కాస్త ఆగి తేటపడుతుంది. పందిట్లో చివరి వరసలో ఎవరో ముసలావిడ. ఒళ్లో నిద్రపోతున్న పిల్ల ముఖాన ఎండ పడకుండా శుభలేఖ అడ్డం పెట్టి పట్టుకుంది. ముందు ఆవిడ చీర రంగు తెలిసింది, తర్వాత వేళ్లు, పిల్ల రెప్పలు. మేము చూస్తుండగానే ఆ శుభలేఖ మీది అక్షరాలు కూడా చదవొచ్చేంత తేటపడ్డాయి.