అవ్వ మంచానికి పాలిష్

నమ్మకపోతే మధ్యలో లేచి వెళ్లిపోండి, నేనేమీ అనుకోను. కానీ ఇది కట్టుకథ కాదు. జనగామలో, మా ఇంట్లో, నా చెవులతో నేను విన్నది. చెప్పినందుకు నాకు ఒరిగేదేమీ లేదు... ఉన్న కాస్త పరువు పోవడం తప్ప.

మా అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. అవ్వ పోయి అప్పటికి ఏడాది. తెల్లారితే సంవత్సరీకం. చుట్టాలొస్తారు. జఫర్‌గఢ్ నుంచి మా అక్క ముందురోజే వచ్చింది. నేనేమో ముందుగదిలో కూర్చుని, అవ్వ పడుకున్న మంచాన్ని గరుకు కాగితంతో రుద్దుతున్నాను.

అసలు ఆ మంచం ఇంట్లో ఉండకూడదు. పోయినవాళ్ల మంచం మా వైపు ఉంచుకోరు. బట్టలు ఉతికే ఇంటివాళ్లకు ఇచ్చేస్తారు. నేను బడిపంతులును కదా, ఇవన్నీ నమ్మనివాణ్ని! పైగా అది నికార్సైన టేకు. ఒక ఇనుప మడతమంచం కొని వాళ్లకు అంటగట్టి, దీన్ని దాచేశాను. ఇప్పుడు పాత రంగు గీకి ముదురు పాలిష్ పెడితే చుట్టాలు కొత్తదనుకుంటారని నా తెలివి. ఇంత తెలివీ ఒక్కనాడూ మంచి పనికి వాడలేదు.

అక్క చూసి ఊరుకుంటుందా?

"ఏంది తమ్మీ గిది? అవ్వ మంచం గాదు?"

"టేకు అక్కా. పారేసుడెట్ల?"

"పారేయమన్ననా? ఇయ్యమన్న. సచ్చిపోయిన మనిషి మంచానికి సోకులు జేస్తున్నవు. నీకేమన్న పిచ్చా?"

అక్క అంతటితో ఆగదు. అవ్వ మాట వస్తే చాలు, ఆ రోజు రోడ్డు మీద ఆటో ఆపినవాణ్ని తిట్టిపోస్తుంది. "వాని నోట్ల మన్నువడ. వానికి పుట్టగతులుండయి" అని మెటికలు విరిచింది. నేను తల వంచుకుని చెక్క రుద్దుతూనే ఉన్నాను.

ఆ ఆటో ఆపింది నేనే.

తెలంగాణ కోసం అందరం సమ్మెలో ఉన్న రోజులవి. బడుల్లేవు, జీతాల్లేవు. జనగామ బయట రోడ్డుకు అడ్డంగా బండలు, పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నాం. నేను పులిహోర కలుపుతున్నాను. అవ్వ, అక్క ఆ వారం బచ్చన్నపేటలో చుట్టాలింట్లో ఉన్నారు. అక్కడ అవ్వకు గుండెనొప్పి వచ్చిందని నాకు తెలియదు. నా ఫోన్ ఎక్కడో గుడారంలో ఉంది. ఎవరో ఆటో డ్రైవరు నా వెనక నిలబడ్డాడు.

"సార్, జర ఇడువుండ్రి. పెద్దామెకు పానం మంచిగ లేదు."

నేను వెనక్కి తిరగలేదు. "అందరు గదే జెప్తరు. వంటయ్యేదాంక ఏ బండి కదలది" అని గట్టిగా అన్నాను. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆటో మళ్లిపోయింది. అందులో ఉన్నది అవ్వ, అక్క అని నాకు తర్వాతే తెలిసింది. పల్లెల మీదుగా చుట్టూ తిరిగి దవాఖానకు చేరేసరికి అవ్వ లేదు. అరగంట తర్వాత ఒక పెద్ద నాయకుడి కారు వస్తే, బండలు జరిపి మేమే దారి ఇచ్చాం.

అక్కకు ఈ మాట చెప్పలేదు. చెబితే ఇక నా ముఖం చూడదు. పెళ్లీ పిల్లలూ లేనివాణ్ని, నాకున్నది ఆమె ఒక్కతే.

సరే... ఆ రాత్రికి వస్తాను.

మంచం తలవైపు పట్టె మీద చిన్నచిన్న గుంటలున్నాయి. అవ్వకు రాత్రి దాహమైతే నోటితో పిలిచేది కాదు. చేతి వెండి కడియంతో పట్టె మీద కొట్టేది. రెండుసార్లు... ఆగి ఒకసారి. ఏళ్ల తరబడి కొట్టగా పడ్డ గుంటలవి. వాటిలో లప్పం ముద్ద కూరి, గట్టిపడ్డాక సాపు చేసి, పైన లక్క పాలిష్ మూడుసార్లు పూశాను. చేయి కడుక్కునేలోపు కరెంటు పోయింది. అక్క లోపలిగదిలో పడుకుంది. నేను మంచం పక్కనే చాప వేసుకున్నాను. గదంతా స్పిరిట్ వాసన.

నిద్ర పట్టిందో లేదో...

టక్. టక్.

ఆగింది...

టక్.

బల్లి అనుకున్నాను. కాదు, పాలిష్ ఆరుతుంటే చెక్క చప్పుడు చేస్తోందనుకున్నాను. ఊపిరి బిగబట్టాను. వీధిలో కుక్క కూడా అరవడం లేదు. మళ్లీ... టక్. టక్... టక్. నా తల పక్కనే. పట్టె మీద. టార్చి కోసం తడిమితే అది కాస్తా దొర్లిపోయింది. పాకి పట్టుకుని వెలిగించాను.

మంచం ఖాళీ. పాలిష్ మీద ఒక్క మరక లేదు. వెలుగు మెల్లగా తలవైపుకు జరిపాను... గుంటల్లో లప్పం లేదు. ఒక్క గుంటలోనూ లేదు. ముక్కలన్నీ నా దిండు పక్కన పడి ఉన్నాయి.

"అక్కా!" అని అరిచాను. ఆమె పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందిరా?"

"అవ్వ... అవ్వ నీళ్లడుగుతుంది అక్కా..." అన్నాను. ఆ తర్వాత నోరు ఆగలేదు. "ఆటో ఆపింది నేనే అక్కా... నేనే..." అని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

అక్క ఏడవలేదు. చాప మీద కూర్చుంది.

"నాకెరుకే" అంది.

"ఎట్ల?"

"నీ గొంతు నాకు తెల్వదా? దిగి నీ రెక్క వట్టి గుంజుకొద్దామనుకున్న. అవ్వనే నా చెయ్యి ఇడవలే. 'పిల్లగాడు నలుగుట్ల ఉన్నడు. వాని ఇజ్జత్ పోతది. బండి మలుపుమను' అన్నది."

"మరి గిన్ని దినాలు తిట్టింది ఎవర్ని?"

"నిన్నే. ఇయ్యాల ఒప్పుకుంటడు, రేపు ఒప్పుకుంటడు అని సూసిన. ఏడాది వట్టింది నీకు."

మర్నాడు సంవత్సరీకం కాగానే అక్క వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా రంగులు చల్లుకుంటుంటే ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మంచం ఇవ్వాల్సినవాళ్లకు ఇచ్చేశాను. ఒక పాలిష్ పనివాణ్ని అడిగితే, "లప్పం లోపట ఆరకముందే పాలిష్ కొడితె ఊడుతది సారూ" అని నవ్వాడు. సరే, లప్పం ఊడింది. మరి ఆ చప్పుడు? అక్క కూడా విన్నదేమో అడుగుదామంటే ఆమె మాట్లాడదు. ఇన్నేళ్లయినా అది చెక్కో, అవ్వో నాకు తేలలేదు... అవ్వే అయితే, నన్ను తిట్టడానికే వచ్చి ఉంటే బాగుండును.